నిమ్మచెక్క, రబ్బరు తొడుగులు, మంగుమచ్చ

మొహం మీద నల్లమచ్చ కనిపించగానే మనవాళ్ళ చెయ్యి ముందు నిమ్మకాయ మీదకే పోతుంది. సగానికి కోసి, పైన కాస్త పంచదారో పసుపో చల్లి, ఆ చెక్కతోనే మచ్చ మీద రుద్దమంటారు. అమెరికా వచ్చినా ఈ అలవాటు మనల్ని వదల్లేదు. ఇక్కడ ఇండియన్ స్టోర్లో డజన్ల కొద్దీ నిమ్మకాయలు కొనేవాళ్ళంతా పులిహోర కోసమే కొంటున్నారంటే నేను నమ్మను. నేను డాక్టర్ని కాదండీ, పొట్టకూటికి కోడు రాసుకునేవాణ్ణి. కాకపోతే ప్రతిదానికీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వే పిచ్చి ఒకటుంది. ఆ పిచ్చిలో ఈ మచ్చల మందుల చరిత్ర తవ్వుతూ పోతే మొదట తగిలిన బండరాయి ఈ నిమ్మచెక్కే.

సంగతేమిటంటే, నల్లమచ్చ పోవడానికి మనం రుద్దుతున్న ఆ చెక్కలో ఉన్నది, తెల్లమచ్చని నల్లగా చెయ్యడానికి శతాబ్దాలుగా వాడుతున్న మందుకి సొంత చుట్టం.

బొల్లికి ఆయుర్వేదంలో బావంచాలు వాడతారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గింజలు నూరి తెల్లమచ్చ మీద రాసి, ఎండ తగలనివ్వడం ఆ వైద్యం. ఈజిప్టులో నైలు నది ఒడ్డున పెరిగే అమ్మి మజస్ అనే మొక్క గింజలతో అక్కడివాళ్ళూ అదే పని చేసేవాళ్ళు. 1940ల చివర్లో కైరోలో ఎల్ మొఫ్తీ అనే చర్మవైద్యుడు ఆ గింజల్లోంచి తీసిన స్ఫటికాలని రోగులకిచ్చి, ఎండలో ఉంచి, ఫలితాలు ప్రచురించాడు. 1974లో బోస్టన్ డాక్టర్లు ఎండ బదులు ప్రత్యేకమైన దీపాలు పెట్టి సోరియాసిస్‌కి అదే పద్ధతి వాడారు. ఇవాళ ఆస్పత్రుల్లో పూవా అనే చికిత్స అదే. మందు పేరు సొరాలెన్. ఆ పేరు ఎక్కడిదనుకున్నారు? బావంచాల మొక్కకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సొరాలియా. అందులోంచి వచ్చిందే. ఆ మందు తనంతట తాను పెద్దగా ఏమీ చెయ్యదు. దాని మీద ఎండ పడ్డప్పుడే పని మొదలవుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మ కణాల్ని కాలుస్తుంది, కాలిన చోట నల్లరంగు పేరుకుంటుంది.

ఈ సొరాలెన్ కుటుంబానికి చెందిన పదార్థాలు నిమ్మజాతి కాయల్లో ఉన్నాయి. మన నిమ్మకాయ ఇక్కడివాళ్ళు లెమన్ అనే పచ్చటి పెద్దకాయ కాదు, కీ లైమ్ అనే చిన్నకాయ. ఈ లైముల్లో అవి ఎక్కువ. అందులోనూ రసంలో కన్నా తొక్కలో మరీ ఎక్కువ. అంటే రసం పిండి దూదితో రాసుకోవడం కన్నా చెక్కతో రుద్దడమే ప్రమాదం! 1916లో ఫ్రాయిండ్ అనే డాక్టరు, సెంటు రాసుకున్న ఆడవాళ్ళ మెడ మీద కారిన చారల్లాంటి నల్లమచ్చలు గమనించాడు. సెంటులో నిమ్మజాతికే చెందిన బెర్గమాట్ నూనె ఉండేది, దానికి ఎండ తోడయింది. ఇప్పుడు బీచిలో నిలబడి కాక్‌టెయిళ్ళలో లైములు పిండేవాళ్ళ చేతులకి అదే జరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు, తర్వాత నెలల తరబడి గోధుమరంగు మరకలు. 'మరి రాత్రి రాసుకుని కడుక్కుంటే?' అంటారేమో. ఎండ ప్రమాదం తగ్గుతుంది నిజమే. కానీ నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర, మన చర్మం 5 దగ్గర. ఆ పులుపుకి చర్మం మండుతుంది. మండిన మన చర్మం ఏం చేస్తుందో కాసేపాగి చెబుతాను.

అన్నట్టు సున్నిపిండి. కొన్ని ఇళ్ళలో సున్నిపిండిలో పెసలు, శనగపప్పు, కచ్చూరాలతో పాటు గుప్పెడు బావంచాలూ వేస్తారు. పెద్దవాళ్ళు ఎందుకు వేశారో గానీ, మొహం మీద మచ్చలున్నవాళ్ళు మాత్రం బావంచాలు లేకుండా పట్టించుకోవడం మంచిది. తమాషా ఏమిటంటే, ఆ బావంచాల నుంచే తీసిన బకుచియాల్ అనే పదార్థాన్ని ఇప్పుడు ఇక్కడి దుకాణాల్లో చిన్న చిన్న గాజు సీసాల్లో పోసి మంచి ధరకి అమ్ముతున్నారు. శుద్ధి చేసిన బకుచియాల్ అయితే అందులోంచి సొరాలెన్లు తీసేస్తారు. ముడి బాకుచి నూనె అని అమ్మేది వేరు, అందులో అవన్నీ అలాగే ఉంటాయి. సీసా మీద పేర్లు మాత్రం అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. చూసి కొనండి.

ఇంతకీ ఈ మంగు ఏమిటి? సుశ్రుత సంహితలో క్షుద్రరోగాలని ఒక అధ్యాయం ఉంది. అందులో వ్యంగం అని ఒక దాని వర్ణన: మొహం మీద వచ్చే, నొప్పి లేని, పల్చటి, నల్లటి మండలం. కారణం కోపం, ఆయాసం అన్నాడు. ఆఫీసులో డెడ్‌లైన్లతో కుస్తీ పట్టేవాళ్ళం సుశ్రుతుడితో వాదించలేం :) ఇవాళ్టి వైద్యులు చెప్పే కారణాలు ఎండ, హార్మోన్లు, వంశపారంపర్యం. గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్ళలో ఎక్కువగా వస్తుంది. కాన్పయ్యాక కొంతమందికి తనంతట తనే తగ్గుతుంది. ఇది కాక ఇంకో రకం ఉంది. మొటిమ గిల్లినా, దోమ కుట్టినా, చర్మం కాలినా, చివరికి గట్టిగా రుద్దినా, మన ఛాయ చర్మం ఆ దెబ్బని నల్లరంగుతో గుర్తుపెట్టుకుంటుంది. తెల్లవాళ్ళ చర్మం ఎర్రబడి ఊరుకునే చోట మనది నల్లబడి కూర్చుంటుంది. ఇందాక వాయిదా వేసిన జవాబు ఇదే. మండే వైద్యం ఏదైనా మనకి పనికిరాదు, అది వంటింట్లోంచి వచ్చినా, మందుల షాపులోంచి వచ్చినా.

ఇక త్వరగా పనిచేసే మందుల కథ. ఇది మన ఊళ్ళలో మొదలైంది కాదు. 19వ శతాబ్దపు అమెరికాలో పత్రికల నిండా మచ్చల మందుల ప్రకటనలే. లేర్డ్స్ బ్లూమ్ ఆఫ్ యూత్ అని ఒక ద్రావకం ఉండేది. 1869లో న్యూయార్క్ డాక్టరు లూయిస్ సేయర్ దగ్గరికి చేతులు చచ్చుబడిన ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ముగ్గురూ అదే రాసుకుంటున్నారు. అందులో ఉన్నది సీసం. సీసంది పైపూత మాత్రమే, మచ్చని నిజంగా పల్చబరిచింది పాదరసం. మన చర్మంలో మెలనిన్ తయారు చేసే టైరోసినేజ్ అనే ఎంజైముకి రాగి కావాలి. పాదరసం వచ్చి దాన్ని అడ్డుకుంటుంది, రంగు తగ్గుతుంది. పాదరసం లవణాలు కలిపిన క్రీములు ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం అమెరికా మందుల షాపుల్లో మామూలు సరుకే. 1970ల మొదట్లో గానీ ఇక్కడి ఎఫ్‌డీఏ వాటిని ఆపలేదు.

ఆపింది కదా అయిపోయింది అనుకోకండి. 2019లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఒకావిడ మాట తడబడుతూ, చేతులు మొద్దుబారి ఆస్పత్రిలో చేరింది. మెక్సికో నుంచి తెప్పించుకున్న మొహం క్రీములో మిథైల్ మెర్క్యురీ బయటపడింది. మన పక్కనే కేరళలో, మలప్పురం జిల్లాలో, 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలించారు. 15 మందిలో అరుదైన ఒక రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది రంగు క్రీములు వాడినవాళ్ళే. మూత్రంలో నురగ, కాళ్ళ వాపు ఇలాంటివాటి లక్షణాలు. మొహానికి రాసుకున్నదానికీ కాళ్ళ వాపుకీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది? పాదరసం మీద ప్రపంచ దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం 2013 నాటిది. మొదట సౌందర్య సామగ్రిలో పది లక్షల్లో ఒక వంతు దాటకూడదన్నారు. 2023 సమావేశంలో ఆ మినహాయింపు కూడా తీసేసి, 2025 నుంచి అసలు కలపకూడదన్నారు. కాగితం మీద చాలా బాగుంది. ఏ దేశంలో చేశారో, ఏమేం వేశారో రాయని చిన్న డబ్బాలు మాత్రం ఒప్పందాలు చదవవు కదా.

ఇప్పుడు రబ్బరు తొడుగుల దగ్గరికొద్దాం. 1930ల చివర్లో అమెరికాలో ఒక తోళ్ళ కర్మాగారంలో కార్మికులకి చేతుల మీద, ముంజేతుల మీద తెల్లమచ్చలు మొదలయ్యాయి. వాళ్ళలో చాలామంది నల్లజాతివాళ్ళు. పరిశీలిస్తే దాదాపు సగం మందికి ఉన్నాయి. కారణం తోళ్ళూ కాదు, ఆమ్లాలూ కాదు, రక్షణ కోసం వేసుకున్న రబ్బరు తొడుగులు! రబ్బరు పాడవకుండా అందులో కలిపిన రసాయనం చర్మంలోకి దిగి, రంగు తయారు చేసే కణాల్నే చంపేసింది. దాని పేరు మోనోబెంజోన్, హైడ్రోక్వినోన్‌కి తోబుట్టువు. 1939లో వైద్య పత్రికలో వచ్చిన ఈ నివేదిక నుంచే, కార్మికులకి జబ్బు చేసిన దాన్ని ఇంకొకరికి మందుగా అమ్మవచ్చన్న ఆలోచన పుట్టింది. మన ఇళ్ళలో దీనికి ఇంకో రూపం ఉంది. ఏళ్ళ తరబడి స్టిక్కర్ బొట్టు పెట్టుకున్న చోట కొందరికి తెల్లమచ్చ వస్తుంది చూడండి, అది బొట్టు జిగురులోని ఇలాంటి ఫినాల్ పదార్థాల పనే. బొట్టు కింద దురద మొదలైతే ఆ స్టిక్కర్లు మానెయ్యాలి.

హైడ్రోక్వినోన్ ఫోటోలు కడిగేవాళ్ళకి పాత నేస్తం. 1960లకి అది మచ్చల క్రీముల్లోకి వచ్చింది. ఆ తర్వాత 1975 చూడండి, ఒక్క ఏడాదిలో ఎన్ని జరిగాయో. దక్షిణాఫ్రికా రంగు క్రీముల్లో పాదరసాన్ని నిషేధించింది, ఆ ఖాళీలో హైడ్రోక్వినోన్ క్రీములు మరింత పెరిగాయి. అదే ఏడాది అక్కడి చర్మవైద్యుడు ఫిండ్లే, ఆ క్రీములు వాడుతున్న నల్లజాతి ఆడవాళ్ళ బుగ్గల మీద నీలి నలుపు మచ్చలు, ఇసక రేణువుల్లాంటి గుల్లలు చూసి రాశాడు. ఓక్రనోసిస్ అన్నారు దాన్ని. మచ్చ నల్లబడేకొద్దీ ఇంకాస్త క్రీము రాయడం, రాసేకొద్దీ ఇంకా నల్లబడటం. అమెరికాలో క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన సూత్రం ప్రచురించిందీ ఆ ఏడాదే. ఫిలడెల్ఫియా జైల్లో ఖైదీల మీద ప్రయోగాలతో పేరు పోగొట్టుకున్న క్లిగ్‌మన్ ఈయనే. ఇక ఇండియాలో ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చిందీ 1975లోనే. 2020లో పేరు మార్చుకుంది గానీ, రసాయనంగా చూస్తే పై మూడింటి కన్నా సాధువు. అందులోని ముఖ్యమైన సరుకు నియాసినమైడ్, ఒక బి విటమిన్. దాని విషమంతా ప్రకటనల్లో ఉండేదని నా లెక్క.

దక్షిణాఫ్రికా ముందు రెండు శాతానికి పరిమితం చేసి చూసింది. ఓక్రనోసిస్ తగ్గలేదు. వర్ణవివక్ష మీద పోరాడినవాళ్ళు, డాక్టర్లు చేతులు కలిపితే 1990లో పూర్తిగా నిషేధించింది. చర్మం 'తెల్లబరుస్తుంది' అని ప్రకటించడాన్నీ నిషేధించింది. 1860 నుంచి ఓడలెక్కి నాటాల్ చెరుకు తోటలకి వెళ్ళిన మన తెలుగు కూలీల వారసులున్న దేశం అది, రంగు చూసి మనిషికి బస్సులో సీటు నిర్ణయించిన దేశం. అక్కడ ఈ క్రీము ఎందుకు అంతగా అమ్ముడుపోయిందో నేను విడిగా చెప్పక్కర్లేదు. యూరప్ 2001లో కాస్మెటిక్ క్రీముల్లోంచి హైడ్రోక్వినోన్‌ని తీసేసింది. అమెరికాలో 2020 సెప్టెంబరు నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మడం కుదరదు. అలాగని దాన్ని భూతం చెయ్యను. డాక్టరు చూస్తుండగా కొద్ది నెలలు వాడితే మంగుకి ఇప్పటికీ దాన్నే మంచి మందుగా లెక్కిస్తారు. ఏళ్ళ తరబడి, ఎవరూ చూడకుండా, మధ్యాహ్నపు ఎండలో వాడటమే అక్కడ జరిగిన అనర్థం.

'ఈ రసాయనాల గొడవెందుకు, మన పసుపుంది కదా' అంటారా? 1995లో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ వాళ్ళకి పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికా పేటెంటు ఇచ్చింది. అందులో పేర్లున్న ఇద్దరూ భారతీయ సంతతివాళ్ళే కావడం విచిత్రం. మశేల్కర్ నాయకత్వంలోని సీఎస్ఐఆర్ 32 పాత ఆధారాలు పోగుచేసి సవాలు చేసింది. 1997 ఆగస్టులో పేటెంటు రద్దయింది. గొప్ప విజయమే. కానీ తర్వాత ఏళ్ళ తరబడి మన ఇన్‌బాక్సుల్లో తిరిగిన మెయిళ్ళు చెప్పినట్టు, పసుపు మచ్చలు పోగొడుతుందని అమెరికా ఒప్పుకోవడం కాదది. పసుపు వాడకం కొత్త ఆవిష్కరణ కాదు అని మాత్రమే తేలింది. అది కూడా గాయాల గురించి, మచ్చల గురించి కాదు.

పసుపుతో నా భయం వేరే. రంగు నిగనిగలాడటానికి పసుపు పొడిలో లెడ్ క్రోమేట్, అంటే మళ్ళీ ఆ సీసమే, కలిపే దుర్మార్గం ఉంది. బంగ్లాదేశ్‌లో 2019లో పరిశోధకులు దీన్ని బయటపెట్టాక ప్రభుత్వం దాడులు చేసి, రెండేళ్ళలో మార్కెట్లో దాదాపు లేకుండా చేసింది. కాబట్టి పొడి కన్నా కొమ్ములు కొని దంచుకోవడం మేలు. పసుపు పడనివాళ్ళు కూడా ఉంటారు, దురద, దద్దుర్లు వస్తాయి. అలాంటివాళ్ళకి అది నల్లమచ్చ పోగొట్టదు, కొత్తది తెచ్చిపెడుతుంది.

మొక్క నుంచి తీసిందైతే హాని చెయ్యదన్న ధీమా జపాన్‌వాళ్ళకీ ఉండేది. చెట్లలో దొరికే రోడోడెండ్రాల్ అనే పదార్థంతో ఒక పెద్ద కంపెనీ తెల్లబరిచే క్రీములు తెచ్చింది. 2013 జులైలో వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. 19 వేల మంది దాకా మొహాల మీద, చేతుల మీద తెల్లమచ్చలు. తోళ్ళ కర్మాగారం కథే మళ్ళీ, అన్ని అనుమతులతో, అందమైన సీసాలో.

మరి ఇంట్లో చేసుకోదగ్గదేమీ లేదా అంటే, ఉంది. కాకపోతే చప్పగా ఉంటుంది. శనగపిండో పెసరపిండో పెరుగుతో కలిపి రాసుకోండి, పెరుగులోని లాక్టిక్ ఆమ్లం చాలా మెత్తనిది. ఆరి పెటపెటలాడే దాకా ఉంచి గీకడం మాత్రం వద్దు, తడిగా ఉండగానే నీళ్ళతో కడిగెయ్యండి. మనకి నలుగంటే నలిపి రాలగొట్టడమే, అందులోనే ఉంది చిక్కు. నైలాన్ పీచుతో రోజూ వీపు, మెడ, మోచేతులు తోముకునేవాళ్ళకి ఎముక ఎత్తుగా ఉన్న చోటల్లా నల్లబడుతుంది. మురికి అనుకుని ఇంకా తోముతారు, ఇంకా నల్లబడుతుంది. పీచు మానేస్తే చాలామందికి నెలల్లో తగ్గుతుంది, పైసా ఖర్చు లేకుండా. కలబంద మట్ట కోసిన వెంటనే కారే పసుపుపచ్చ జిగురు దురద పెడుతుంది, దాన్ని పూర్తిగా కారనిచ్చి, కడిగి, లోపలి గుజ్జు మాత్రం వాడండి. ఏది కొత్తగా రాసుకున్నా ముందు మోచేతి మడతలో రెండు మూడు రోజులు రాసి చూడండి. వంటసోడా, వెల్లుల్లి, వెనిగర్, టూత్‌పేస్ట్ జోలికి పోవద్దు. వెల్లుల్లితో, వెనిగర్‌తో చర్మం కాలినవాళ్ళ గురించి వైద్య పత్రికల్లో ఉంది. బంగాళాదుంప ముక్కంటారా, హాని లేదు, ఉపయోగమూ పెద్దగా లేదు. వేపుడు చేసుకోండి.

ఇవన్నీ చేసి ఎండలో తిరిగితే పిండి కొట్టుకుపోయినట్టే. ఇక్కడ గంటల తరబడి డ్రైవ్ చేసేవాళ్ళు కారు పక్క అద్దం కాపాడుతుందనుకుంటారు. మామూలు అద్దం మచ్చల్ని పెంచే యూవీఏ కిరణాల్ని చాలావరకు లోపలికి రానిస్తుంది. పైగా మన ఛాయలో కంటికి కనిపించే వెలుతురు కూడా రంగు పెంచుతుందని 2010లో డెట్రాయిట్‌లో చేసిన అధ్యయనంలో తేలింది. అందుకే మంగు ఉన్నవాళ్ళని ఐరన్ ఆక్సైడు కలిపిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ వాడమంటారు. గుంటూరు వైపు మిరపకాయ కోతలకి వెళ్ళే ఆడవాళ్ళని చూశారా? ఎండలో నెత్తి మీంచి మొహం చుట్టూ తువ్వాలు చుట్టి, పైన మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంటారు. ఈ చరిత్ర మొత్తం చదివాక, మంగుకి నేను చూసిన ఇంటి వైద్యాల్లో అన్నిటికన్నా మంచిది ఆ తువ్వాలే.

మచ్చ కాని మచ్చలు కొన్ని ఉన్నాయి, వాటిని రుద్ది కాలం వృథా చెయ్యకూడదు. మెడ వెనక, చంకల్లో ముఖమల్ గుడ్డలా మందంగా నల్లబడితే అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యడం లేదని శరీరం పంపే కబురు. షుగరు పరీక్ష చేయించుకోండి. మనవాళ్ళలో షుగరు ఎంత ఎక్కువో మీకు తెలుసు. ఆకారం, రంగు మారుతున్న పుట్టుమచ్చ, అరికాల్లోనో గోరు కిందో కొత్తగా వచ్చిన నల్లచార డాక్టరుకి చూపించాల్సినవే. పాటగాడు బాబ్ మార్లేకి 1977లో కాలివేలి గోరు కింద బయటపడింది మెలనోమా, 1981లో 36 ఏళ్ళకే పోయాడు. చర్మం నల్లగా ఉంటే ఆ క్యాన్సర్ రాదన్న మాట నిజం కాదు.

చివరగా సూట్‌కేసుల సంగతి. ఇండియా నుంచి ఎవరైనా వస్తున్నారంటే పచ్చళ్ళు, పొడులతో పాటు 'ఆ మొహం ట్యూబు నాలుగు తెండి' అని చెప్పే ఇళ్ళు నాకు చాలా తెలుసు. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చేస్తారు. క్లిగ్‌మన్ మూడింటి మిశ్రమానికి వారసులే అవి. 2018 మార్చిలో ఇండియాలో 14 స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ తప్పనిసరి చేస్తూ షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు, అయినా అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. ఆ ట్యూబు తిప్పి వెనక చదవండి. మొమెటజోన్, బీటామెథజోన్, క్లోబెటసాల్, ఫ్లుఒసినోలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. వారం పది రోజుల్లో మొహం మెరిసిపోయేది దానివల్లే. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మానేసిన రోజున మంటా మొటిమలూ తిరగబడతాయి. అది చూసి మళ్ళీ అదే రాస్తారు. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఒక్కసారిగా ట్యూబు చెత్తబుట్టలో పడెయ్యకండి. అదే ట్యూబు చేత్తో పట్టుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళి, ఎన్నాళ్ళనుంచి రాస్తున్నారో దాచకుండా చెప్పి, మెల్లగా ఎలా మానాలో అడగండి. గర్భంతో ఉన్నవాళ్ళూ, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళూ మాత్రం ఆ రోజే ఫోను చెయ్యండి. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ అప్పుడు వాడదగ్గవి కావు.